పుత్రానుపౌత్రికం: శ్రీముఖలింగం శాసనాల నేపథ్యంలో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ

ఉపోద్ఘాతం

ఒక మనిషి మరొక మనిషికి ఏమి రుణపడి ఉంటాడన్న ప్రశ్నను తెలుగు విమర్శ ఎక్కువగా ఇతిహాసాల దగ్గర, నీతిశతకాల దగ్గర అడుగుతూ వచ్చింది. అదే ప్రశ్న అప్పు పత్రం దగ్గర, ఊరి తగవు దగ్గర, గుడిలో వెలిగే దీపం దగ్గర ఇంకా సూటిగా ఎదురవుతుంది. అక్కడ రుణానికి ఒక మొత్తం ఉంటుంది, ఒక సాక్షి ఉంటాడు, ఒక గడువు ఉంటుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ మూడవదాన్ని, అంటే గడువును పట్టించుకుంటుంది. ఒక తరం ఒప్పుకున్న బాధ్యత ఎన్ని తరాలవరకు చెల్లుతుంది? పుట్టనివాడిని కట్టివేసే అధికారం బతికి ఉన్నవాడికి ఎక్కడినుంచి వచ్చింది? ఉత్తరాంధ్ర నేలమీద ఈ ప్రశ్నకు రెండు చివరల రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి శ్రీముఖలింగం ఆలయ శాసనాలు. రెండవది కాళీపట్నం రామారావు 1964లో రాసిన ‘యజ్ఞం’ కథ.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టడం మొదట వింతగా తోచవచ్చు. శాసనం దాత కీర్తిని నిలపడానికి చెక్కించినది. కథ పేదవాడి పతనాన్ని చెప్పడానికి రాసినది. అయినా రెండింటిలోనూ ఊరు సాక్షిగా ఒక బాధ్యత నమోదవుతుంది. ఆ బాధ్యతను మోసేవాడు ఎవరు, దాని ఫలం అందుకునేవాడు ఎవరు అని అడిగితే పోలిక దానంతట అదే బయటపడుతుంది.

దీపం ఎవరిది, నెయ్యి ఎవరిది

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం నేడు ఒక గ్రామం. తూర్పుగాంగుల కాలంలో అదే కలింగనగరమని పరిశోధకులు నిర్ధారించారు. ఆ నిర్ధారణకు తోడ్పడినవారిలో గిడుగు రామమూర్తి ముఖ్యుడు. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించాడు. శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటంలో పరిష్కరించి ప్రకటించాడు. వ్యావహారిక భాషోద్యమం ముందుకు వచ్చిన తరువాత శాసనపరిశోధకుడైన గిడుగు కొంత మరుగున పడ్డాడు. ఈ వ్యాసం చివరిభాగంలో ఆయన దగ్గరికి మళ్ళీ రావలసి ఉంటుంది.

శ్రీముఖలింగంలోని మధుకేశ్వరాలయ శాసనాల్లో ఎక్కువభాగం 11, 12 శతాబ్దులవి. అనంతవర్మ చోడగంగదేవుని కాలానికి చెందినవి వాటిలో పెక్కు. సంస్కృతంలోను తెలుగులోను ఉన్న ఈ శాసనాలు దక్షిణభారత శాసనాల ఐదవ సంపుటంలో అచ్చయ్యాయి. వీటిలో తరచుగా కనిపించే దానం అఖండదీపం. దాత కొంత ధనమో, పశువులో, భూమో ఇస్తాడు. దానికి ప్రతిగా స్వామి సన్నిధిలో దీపం పగలూ రాత్రీ ఆరకుండా వెలగాలి. ఎంతకాలం? ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం.

ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగాలి. శాసనపాఠకులు దీన్ని లాంఛనంగా భావించి దాటిపోతారు. కాని ఆచంద్రార్కం వెలిగే దీపానికి ఆచంద్రార్కం నెయ్యి కావాలి. ఆ నెయ్యి పోసేవాడు మాత్రం అరవై, డెబ్భై ఏళ్ళకు మించి బతకడు. శాశ్వతమైన దానానికీ అశాశ్వతమైన మనిషికీ మధ్య ఉన్న ఈ వ్యత్యాసాన్ని శాసనకర్తలు ఎలా పూడ్చారో తెలుసుకోవాలంటే కళింగం దాటి దక్షిణంగా, గోదావరి మండలంలోని ద్రాక్షారామం వైపు చూడాలి. అక్కడి శాసనాల్లోను, వెలనాటి సీమలోని ఇతర ఆలయ శాసనాల్లోను దీపదానపు ఏర్పాటు వివరంగా కనిపిస్తుంది. దాత తరచుగా యాభై గొర్రెలను గుడికి ఇస్తాడు. వాటిని ఒక బోయకు అప్పగిస్తారు. అతడు రోజూ మానెడు నెయ్యి తెచ్చి దీపానికి పోయాలి. అతని తరువాత అతని కొడుకులు, మనుమలు అదే పని చేయాలి. దీనికి శాసనాలు వాడే మాట ‘పుత్రానుపౌత్రికం’.

తమిళదేశపు శాసనాలు ఇదే ఏర్పాటును మరొక కోణంనుంచి చెబుతాయి. దీపానికిచ్చిన మందను అక్కడ చావనివి, ముసలికానివి అని వర్ణిస్తారు. గొర్రె చస్తుంది, మంద చావదు. చచ్చినదాని స్థానంలో పిల్లను చేర్చి లెక్క సరిచూపే బాధ్యత కాపరిది. తెలుగు శాసనం కాపరికి వర్తింపజేసిన తర్కం కూడా ఇదే. కాపరి చస్తాడు, కాపరితనం చావదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ ఏర్పాటును వెట్టిచాకిరీ అనడం తొందరపాటు అవుతుంది. మందతోపాటు పాలు, ఉన్ని, పెరుగుదల కూడా కాపరికి దక్కుతాయి. కొడుకుకు బాధ్యత సంక్రమించినప్పుడు దాన్ని మోయడానికి కావలసిన ఆస్తి కూడా వెంట వస్తుంది. భారం, భుక్తి రెండూ ఒకే ముడిలో ఉన్నాయి. అయితే పుణ్యం మాత్రం ఆ ముడిలో లేదు. అది దాతకు, దాత పేర్కొన్న తల్లిదండ్రులకు చేరుతుంది. తరతరాలుగా రోజూ నెయ్యి మోసినవాడి తల్లిదండ్రులకు అందులో వాటా ఉన్నట్టు ఈ ఏర్పాటులో కనిపించదు. శాసనాంతంలో వచ్చే శాపవాక్యం సైతం దానాన్ని హరించేవాడిని అరవైవేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుట్టమంటుందే గాని, భారం మితిమీరినప్పుడు కాపరి ఎవరికి మొరపెట్టుకోవాలో చెప్పదు.

ధర్మశాస్త్రం గీసిన గీత

వారసత్వంగా వచ్చే రుణానికి శాసనం హద్దు పెట్టలేదు. ధర్మశాస్త్రం పెట్టింది. తండ్రి చేసిన అప్పును కొడుకు వడ్డీతో తీర్చాలి. తాత అప్పును మనుమడు అసలు మాత్రం ఇస్తే చాలు. మునిమనుమడికి ఆ బాధ్యత లేదు. ఇది బృహస్పతి పేరుతో ప్రసిద్ధమైన నియమం. తాగుడుకు, జూదానికి, స్త్రీవ్యసనానికి తండ్రి చేసిన అప్పులు కొడుకు తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి మినహాయించింది. ఒకేసారి వసూలు చేసేటప్పుడు వడ్డీ అసలును మించరాదన్న నియమం కూడా స్మృతుల్లో ఉంది.

స్మృతుల న్యాయాన్ని ఇక్కడ కీర్తించడం ఉద్దేశం కాదు. వర్ణాన్నిబట్టి వడ్డీరేటు మార్చిన గ్రంథాలవి. అయినా రుణం తరాలమీదుగా దిగుతున్నకొద్దీ పలచబడాలన్న గ్రహింపు వాటిలో ఉంది. మొదట వడ్డీ పోతుంది, తరువాత అసలూ పోతుంది. ఆధునిక న్యాయస్థానాలు తండ్రి అప్పు తీర్చడాన్ని కొడుకు ధార్మికవిధిగా చాలాకాలం గుర్తించాయి. 2005లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ, ఆ విధిని మాత్రమే ఆధారంగా చేసుకుని కొడుకు, మనుమడు, మునిమనుమడి మీద అప్పు రాబట్టుకునే హక్కును ఇకముందు కోర్టులు గుర్తించరాదని చెప్పింది. బృహస్పతి నాలుగవ తరం దగ్గర గీసిన గీతను చట్టం రెండవ తరం దగ్గరికి జరపడానికి ఇంతకాలం పట్టింది.

‘యజ్ఞం’లో తగవు

సుందరపాలెం ధర్మమండపంలో జరిగే పంచాయితీని ఈ వెలుగులో చదవవచ్చు. దళితుడైన అప్పల్రాముడు వర్తకుడు గోపన్నకు బాకీపడ్డాడు. ఊరిపెద్ద శ్రీరాములునాయుడు తీర్పరి. కథలో చాలాభాగం ఈ తగవు విచారణే. దానితో ముడిపడి స్వాతంత్ర్యానంతర కాలంలో ఆ ఊరు అభివృద్ధి పేరుతో నడిచిన దారి కూడా పాఠకుడి ముందుకు వస్తుంది.

‘తగవు’ అనే మాటకు ప్రాచీనకావ్యాల్లో న్యాయం, ఔచిత్యం, ధర్మం అని అర్థం. ‘తగు’ ధాతువునుంచి వచ్చిన మాట అది. నేటి వ్యవహారంలో కలహమని అర్థం స్థిరపడింది. న్యాయాన్ని చెప్పే మాట జగడాన్ని చెప్పే మాటగా ఎలా జారిందో అర్థపరిణామ శాస్త్రం తన పద్ధతిలో వివరిస్తుంది. ‘యజ్ఞం’ చదివినవారికి ఆ పరిణామం ఒకే మండపంలో, ఒకే కథాకాలంలో జరిగినట్టు అనిపిస్తుంది.

కారా ఈ కథలో సులువైన దారి తీసుకోలేదు. గోపన్నను రక్తం పీల్చే వడ్డీవ్యాపారిగా చిత్రించలేదు. అతనికి రావలసినది అతను అడుగుతున్నాడు. శ్రీరాములునాయుడు లంచగొండి కాడు, పక్షపాతి కాడు. పేరున్న ధర్మపరుడు. అప్పల్రాముడు అప్పు ఎగవేయాలని చూసేవాడు కాడు. ముగ్గురిలో ఎవరూ దుర్మార్గులు కాకపోయినా ఒక పసివాడు చనిపోతాడు. కథకు ఉన్న బరువంతా ఇక్కడే ఉంది. తెలుగులో అప్పుల కథలు చాలా వచ్చాయి. వాటిలో అధికభాగం షావుకారును దుష్టుణ్ణి చేసి పాఠకుణ్ణి సుఖంగా ఇంటికి పంపేవే.

తీర్పరి అడిగే ప్రశ్నలు సరళమైనవి. తీసుకున్నావా? తీసుకున్నాను. అయితే ఇవ్వాలి కదా? ఇచ్చిపుచ్చుకోవడంలోని సమత్వం ఆయనకు తెలిసిన ధర్మం. ఆ చట్రంలో ఆయన తీర్పులో తప్పు పట్టడం కష్టం. అయితే అప్పల్రాముడు తన బతుకు చెప్పుకున్నప్పుడు మరొక లెక్క వినిపిస్తుంది. దుబారా చేయకుండా, ఒళ్ళు దాచుకోకుండా జీవితమంతా పనిచేసిన మనిషి చివరికి బాకీదారుగా ఎలా మిగిలాడు? ఆ కష్టమంతా ఎవరి ఖాతాలో జమ అయింది? ఈ ప్రశ్న మండపంలో వినబడుతుంది గాని విచారణకు రాదు. గోపన్న దగ్గర పత్రం ఉంది. అప్పల్రాముడి దగ్గర ఉన్నది ఒంటి మీది ముసలితనం. పంచాయితీ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోగలదు. శరీరాన్ని సాక్ష్యంగా తీసుకునే పద్ధతి దానికి తెలియదు.

మధుకేశ్వరాలయ స్తంభానికి, ధర్మమండపానికి సామ్యం ఇక్కడ ఏర్పడుతుంది. రాతిమీదికి ఎక్కగలిగినది మాత్రమే రుణమవుతుంది. దాత ఇచ్చిన ధనం రాతిమీదికి ఎక్కింది. దీపం వెలిగించిన వేల రాత్రుల శ్రమ ఎక్కలేదు.

కంబారి కాబోయే బిడ్డ

అప్పల్రాముడు చివరకు భూమి వదులుకోవడానికి ఒప్పుకుంటాడు. మాట నిలుపుకున్నవాడిగా మిగలాలన్నది అతని కోరిక. కొడుకు సీతారాముడు ఎదురుతిరుగుతాడు. ఈ ఘట్టాన్ని ‘తండ్రి అప్పును కొడుకు నిరాకరించాడు’ అని క్లుప్తీకరించే అలవాటు ఉంది. అది పూర్తిగా సరికాదు. భూమి అమ్మితే అప్పు తీరిపోతుంది. కాగితం మీద మనుమడికి ఏ బాకీ రాదు. సీతారాముడు చూసినది ఆ తరువాతి సంగతి. భూమి పోయినవాడి కొడుకు కంబారి అవుతాడు. ఏడాదికింత అని మాట్లాడుకుని ఆసామి ఇంట చాకిరికి కుదిరే పాలేరును ఉత్తరాంధ్రలో కంబారి అంటారు. అప్పు తీర్చే చర్యే బిడ్డకు ఊడిగాన్ని వారసత్వంగా ఇస్తుంది.

దీపపు కాపరికి, కంబారికి ఉన్న భేదం ఇక్కడ తేటపడుతుంది. కాపరి కొడుక్కు బాధ్యతతోపాటు మంద వచ్చేది. కంబారి కొడుక్కు మంద లేకుండా కాపరితనం మాత్రమే వస్తుంది. స్మృతి చెప్పినట్టు తరాలు దిగినకొద్దీ పలచబడే రుణం కూడా కాదిది. అసలూ వడ్డీ తీరిన తరువాత మొదలయ్యే రుణం. దీనికి మొత్తం లేదు కాబట్టి తీర్చే వీలూ లేదు.

చట్టం ఇక్కడ ఎంతవరకు చూడగలిగిందో గమనించదగినది. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం బానిసరుణాలను రద్దు చేసింది. వారసత్వంగా సంక్రమించిన బాధ్యత కారణంగా చేసే చాకిరిని కూడా వెట్టి నిర్వచనంలో చేర్చింది. పుత్రానుపౌత్రికమనే భావానికి భారతశాసనవ్యవస్థ పేరుపెట్టి ఇచ్చిన జవాబు అది. కథ వచ్చిన పన్నెండేళ్ళకు వచ్చిన ఆ చట్టం సీతారాముడి కొడుకును ఆదుకునేదా? అనుమానమే. అతని తాత అప్పు తీరిపోయి ఉండేది. అతడు చట్టం దృష్టిలో స్వేచ్ఛగా కూలికి కుదిరిన భూమిలేని మనిషి.

సీతారాముడు తన పసికొడుకును తానే చంపి పంచాయితీ ముందు పడవేస్తాడు. కథ పేరు ‘యజ్ఞం’. బలి అనే సాధారణార్థంలో ఈ శీర్షికను చదవడం వాడుక. ఇంకొంచెం వెనక్కి వెళితే శీర్షికలో రుణప్రస్తావన కూడా ఉందని తెలుస్తుంది. పుట్టుకతోనే మనిషికి మూడు రుణాలుంటాయని తైత్తిరీయసంహిత చెబుతుంది. బ్రహ్మచర్యంతో ఋషిరుణం, యజ్ఞంతో దేవరుణం, సంతానంతో పితృరుణం తీరుతాయి. సీతారాముడి యజ్ఞంలో ఆహుతి అయినది సంతానం. ఒక రుణాన్ని తీర్చే సాధనంతో మరొక రుణాన్ని తీర్చే సాధనాన్ని నాశనం చేయడమిది. అప్పల్రాముడు మాట తప్పని తండ్రిగా మిగలగోరాడు. కొడుకు చేసిన పనివల్ల అతని తరువాతి తరమే తెగిపోయింది. ఆ సంహిత మూడు రుణాల మాట చెప్పినది బ్రాహ్మణుణ్ణి గురించి. యజ్ఞాధికారం లేని కులంలో పుట్టినవాడి చేత చేయించిన ఈ యజ్ఞంలోని వ్యంగ్యం అప్పుడు మరింత చేదుగా ధ్వనిస్తుంది.

అడగకుండానే తలకెత్తుకున్న రుణం

వారసత్వంగా వచ్చే బాధ్యతలన్నీ సంకెళ్ళేనా? శ్రీముఖలింగం పరిసరాలే మరొక ఉదాహరణ చూపుతాయి. మధుకేశ్వరుని స్థలపురాణం ఆ దేవుణ్ణి ఇప్పచెట్టుతోను, సవరలతోను ముడిపెడుతుంది. మధూకమంటే ఇప్ప. గుడి కథలో చోటు దొరికిన సవరలకు బడిలో మాత్రం చోటు లేకపోయింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి ఈ లోటును తన సొంత బాకీగా భావించాడు. సవర, తెలుగు రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చాడు. సవరభాషలో వాచకాలు రాశాడు. సొంతడబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలిచ్చాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నాడు. 1931లో సవరభాషా వివరణగ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి కూడా సవరభాషాసాహిత్యాల మీద కృషి కొనసాగించాడు.

ఇదీ పుత్రానుపౌత్రికమే. అయితే ఈ బాధ్యతను ఏ మండపంలోనూ ఎవరూ విధించలేదు, పత్రం రాయించుకోలేదు. కొడుకు కాదనుకుంటే శాపం తగిలేది కాదు. గిడుగు కృషిని దయ అనడం పరిపాటి. రుణమనడమే సరిగ్గా ఉంటుంది. దయలో ఇచ్చేవాడిది పైచేయి. ఎదుటివాడి భాష నేర్చుకోవడానికి అతని ముందు విద్యార్థిగా కూర్చున్నవాడికి పైచేయి ఉండదు. సుందరపాలెం ధర్మమండపంలో లోపించినది కూడా ఇదే. అప్పల్రాముడికి ఊరు ఏమైనా బాకీ ఉందేమోనని అక్కడ కూర్చున్నవారిలో ఒక్కరైనా తమంతట తాము అనుకోలేదు. ఆ ఆలోచన రావడానికి ధర్మశాస్త్రం గాని చట్టం గాని అక్కరలేదు.

అయితే ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. గిడుగుకు జీతముంది, చదువుంది, వద్దనుకునే వెసులుబాటుంది. బాధ్యతను ఎంచుకోగలగడం కూడా ఒక ఆస్తే. సీతారాముడికి ఆ ఆస్తి లేదు.

విమర్శ ముందున్న బిడ్డ

‘యజ్ఞం’ ముగింపు మీద తెలుగులో చాలాకాలం చర్చ నడిచింది. ఆ హత్య తిరుగుబాటా, నిస్సహాయతా అన్నది చర్చలో కేంద్రబిందువు. రెండు పక్షాలూ ఒక విషయంలో ఏకీభవించాయి. బిడ్డ మరణాన్ని ఉభయులూ సంకేతంగా తీసుకున్నారు. సంకేతం దేనికన్న దగ్గరే భేదం. ఈ పద్ధతిని ఒకసారి పునరాలోచించవలసి ఉంది. గోపన్నకు అప్పల్రాముడు రుణపడ్డాడు. ఊరు అప్పల్రాముడికి రుణపడి ఉంది, కాని ఆ రుణం లెక్కలోకి రాలేదు. ఆ బిడ్డ మాత్రం ఎవరికీ ఏమీ బాకీ లేడు. సుందరపాలెంలో ఏ అప్పూ లేని మనిషి అతనొక్కడే. అందరూ అతనికే బాకీ ఉన్నారు, అందరికంటే ఎక్కువగా తండ్రి.

సీతారాముడి కోపం న్యాయమైనది. అతడు ఎంచుకున్న మార్గం పుట్టనివారి తరఫున సంతకం చేసిన శాసనకర్తల మార్గమే. కొడుకు బతుకు ఎలా ఉండాలో వారు ముందే రాశారు. కొడుక్కు బతుకే అక్కరలేదని ఇతడు రాశాడు. బిడ్డ మాట ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పగల వయసు కాదు. అతన్ని అన్యాయానికి ప్రతీకగా మార్చి వ్యాసం ముగించే విమర్శకుడు కూడా అతని తరఫున మరొక సంతకం చేస్తున్నాడు. ఈ ఆక్షేపణకు ఈ వ్యాసమూ అతీతం కాదు.

బిడ్డ చనిపోయిన ఇంట తెలుగువారు పలికే ఓదార్పుమాట ఒకటుంది: వాడికీ మనకూ అంతే రుణం, తీరిపోయింది. వచ్చిన రుణం మేరకే ఆలుబిడ్డలు వెంట ఉంటారన్న రుణానుబంధ విశ్వాసంనుంచి పుట్టిన మాట అది. ఉత్తరాంధ్ర పల్లెలోనూ వినబడే మాటే. సుందరపాలెం మండపంలో ఆ మాట అనగలిగే మనిషి లేడు. గోనెలోని బిడ్డను చూసినవారు ఎవరికి ఎంత రుణం తీరిందో చెప్పగల స్థితిలో లేరు. గోపన్న బాకీ లెక్కను కథ ఆ తరువాత ముట్టుకోదు.